కారు మోత, డ్రైవరు గోడు

సూరత్‌లో ఉదనా దర్వాజా దగ్గర నవసారి రోడ్డు పట్టుకుంటే ఉదనా, పాండేసరా, భేస్తాన్ దాటాక ఉన్ వస్తుంది. ఇంకాస్త ముందుకు పోతే సచిన్ పారిశ్రామికవాడ. 2014 జనవరిలో సూరత్ బీఆర్‌టీఎస్ బస్సులు మొదట పరుగు తీసింది ఈ దారి మీదే. నడిమధ్య బస్సుల దారి, దాని పక్కన ఇనుప కమ్మీలు. మిగిలిన రోడ్డంతా రంగు వేయని గ్రే బట్ట తానులు పేర్చుకున్న టెంపోలదీ, రసాయనాల ట్యాంకర్లదీ, షేర్ ఆటోలదీ, యూటర్న్ దాకా వెళ్లే ఓపిక లేక ఎదురుగా వచ్చేసే బైకులదీ. కరీంనగర్, సిరిసిల్ల, వరంగల్, నల్గొండ వైపు నుంచి మగ్గాల పని వెతుక్కుంటూ వచ్చి లింబాయత్, ఉదనా చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇది రోజూ తిరిగే తోవ. తాతలు మరమగ్గాల మీద పన్నెండేసి గంటలు నిలబడ్డ ఇళ్లలో ఇప్పుడు మనవళ్లు కార్లు కొంటున్నారు. కొత్త కార్లలో ప్రమాదాన్ని పసిగట్టే కెమెరా, రాడారు కూడా ఉంటున్నాయి.

ఆ కెమెరా కారు ఉన్ రోడ్డెక్కితే ఏమవుతుందో ఇక్కడ నడిపే ఎవరినడిగినా చెబుతారు. ముందున్న టెంపోకూ మన కారుకూ మధ్య కాస్త ఖాళీ కనిపిస్తే ఒక ఆటో అందులోకి దూరుతుంది. అది దూరబోతోందని డ్రైవరుకు ముందే తెలుసు. ఆటోవాడి భుజం తిరిగిన తీరు చూసి కాలు తేలిక చేసి ఉంటాడు. కారుకు ఆ భుజం కనపడదు. అది ఒక్కసారిగా కేక పెడుతుంది, తెర మీద ఎర్రరంగు వెలిగిస్తుంది, ఒక్కోసారి తనంతట తానే బ్రేకు కూడా నొక్కేస్తుంది. వెనక అంటుకుని వస్తున్న బైకువాడి ప్రాణం గాలిలో ఉంటుంది. కొన్నాళ్లు ఇలా జరిగాక సొసైటీ గేటు దాటకముందే ఆ సదుపాయాలన్నీ ఆపేసి బయల్దేరడం అలవాటవుతుంది.

దీన్ని మన డ్రైవర్ల మొండితనమనీ, క్రమశిక్షణ లేకపోవడమనీ అనేవాళ్లున్నారు. నాకు ఆ మాట నచ్చదు. డ్రైవరుకూ భద్రతా యంత్రానికీ మధ్య ఈ పేచీ యాభై ఏళ్ల నుంచి నడుస్తోంది. డ్రైవరు ఎందుకు విసుక్కుంటున్నాడో కనుక్కున్న చోట యంత్రం మెరుగైంది, ప్రాణాలు దక్కాయి. కనుక్కోని చోట జనం దాన్ని మూలన పడేశారు, దానితోపాటు దాని మేలునూ పోగొట్టుకున్నారు. ఆ కథ మొదలైంది అమెరికాలో, సీటు బెల్టుతో.

వోల్వో ఇంజినీరు నీల్స్ బోలిన్ మూడు బిందువుల బెల్టును 1959లో తెచ్చాడు. కార్లలో బెల్టులు చేరాయి గానీ పెట్టుకునేవాళ్లు చేరలేదు. దాంతో అమెరికా ప్రభుత్వం 1974 మోడల్ కార్లకు ఒక కఠినమైన ఏర్పాటు చేసింది. ముందు సీట్లలో కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకుంటే తప్ప ఇంజను స్టార్టు కాదు. సీటు కింద బరువును పసిగట్టే మీట ఉండేది. పక్క సీట్లో కిరాణా సరుకుల సంచి పెట్టినా, కుక్కపిల్లను కూర్చోబెట్టినా కారు దాన్ని మనిషి కిందే లెక్కగట్టేది, సంచికి బెల్టు కట్టేదాకా కదిలేది కాదు. వర్షంలో, చీకట్లో, ఆస్పత్రికి పోయే తొందరలో కారు మొరాయించింది. జనం మెకానిక్కుల దగ్గరికి పోయి తీగలు కోయించుకున్నారు. చట్టసభ సభ్యులకు ఉత్తరాలు వెల్లువెత్తాయి. 1974 అక్టోబరులో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకంతో ఆ ఏర్పాటును బలవంతంగా రుద్దడం నిషిద్ధమైంది. బెల్టు గుర్తుచేసే గంటను ఎనిమిది సెకన్లకు మించి మోగించమని ప్రభుత్వం ఆదేశించకూడదని కూడా అదే చట్టంలో రాశారు.

నష్టం అక్కడితో ఆగలేదు. బెల్టు పెట్టుకోవడం తప్పనిసరి చేస్తూ ఒక రాష్ట్రం, న్యూయార్క్, చట్టం తేవడానికి 1984 దాకా పట్టింది. పదేళ్లు. యంత్రం పొగరుగా ప్రవర్తించినందుకు అది చెప్పిన మంచి మాట కూడా అంతకాలం చెవికెక్కలేదు. 2000 ప్రాంతంలో ఫోర్డ్ కంపెనీ వేరే దారి తొక్కింది. కారు నడవనిచ్చి, బెల్టు పెట్టుకోకపోతే కాసేపు మోగి ఆగి, మళ్లీ మోగి ఆగే గంట పెట్టింది. ఆ గంట ఉన్న కార్లలో బెల్టు వాడేవాళ్లు 76 శాతం, లేని కార్లలో 71 శాతం అని పరిశీలనలో తేలింది. అయిదు శాతం చిన్నదిగా కనిపిస్తుంది. కోట్ల మంది రోజూ నడిపే దేశంలో అది వేల ప్రాణాల లెక్క. అదే బెల్టు, అదే మనుషులు, మోగే పద్ధతి ఒక్కటే మారింది. 2012లో ఎనిమిది సెకన్ల అడ్డంకిని కూడా తొలగించారు.

ఇదే కాలంలో ఇంకొక యంత్రం గొడవ లేకుండా కార్లలోకి వచ్చింది, యాంటీలాక్ బ్రేకు. విమానాల చక్రాల కోసం డన్‌లప్ 1950లలో చేసిన పరికరాన్ని 1966లో జెన్సెన్ ఎఫ్ఎఫ్ అనే బ్రిటిష్ కారుకు అమర్చారు. 1978లో బాష్ ఎలక్ట్రానిక్ రూపంలో తయారు చేసి మెర్సిడెస్ ఎస్ క్లాసులో పెట్టింది. చక్రం బిగుసుకుపోయి జారే క్షణంలో బ్రేకును సెకనుకు ఎన్నోసార్లు వదిలి పట్టడం దాని పని. మొదట్లో దాని మీదా ఫిర్యాదులొచ్చాయి. పెడల్ కాలి కింద దడదడలాడేసరికి బ్రేకు పాడైందనుకుని కాలు తీసేసినవాళ్లున్నారు. కంకర మీద ఆగే దూరం పెరుగుతుందన్నది నిజం కూడా. మ్యూనిక్ టాక్సీల మీద జరిగిన అధ్యయనం అందరినీ కలవరపెట్టింది. ఈ బ్రేకు ఉన్న టాక్సీలకు ప్రమాదాలు తగ్గలేదు, డ్రైవర్లు ఆ ధైర్యంతో మరింత దూకుడుగా నడిపారు. ఇన్ని ఉన్నా దీన్ని ఆపేయాలని ఎవరూ ఉద్యమించలేదు. ఏళ్ల తరబడి నోరు మెదపకుండా ఉండి, నిజంగా అవసరమైన క్షణంలో పని చేసి, మళ్లీ మౌనంగా ఉండిపోయే యంత్రం అది. మన దేశంలో 2018 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లకు, 2019 ఏప్రిల్ నుంచి అన్ని కార్లకు తప్పనిసరి చేసినప్పుడు కొన్నవాళ్లలో చాలామందికి అది వచ్చిన సంగతే తెలియలేదు. భద్రతా యంత్రానికి ఇంతకన్నా మంచి యోగ్యతాపత్రం లేదని నా నమ్మకం.

మన రోడ్ల మీద కారు నోరు విప్పింది వేరే విధంగా. రివర్సు గేరు వేస్తే సినిమా పాట వాయించే హారన్లు ఒకప్పుడు ప్రతి అంబాసిడరుకూ, మారుతి వ్యానుకూ ఉండేవి. ఆ తర్వాత దొంగల భయానికి బిగించుకున్న అలారాలు పిల్లి దూకినా, పిడుగు పడినా వీధంతా నిద్ర లేపేవి. ఈ మోత యజమాని కోరి తెచ్చుకున్నది కాబట్టి విసుగు పక్కింటివాళ్లది. చట్టం తెచ్చిన మోత తర్వాతి సంగతి.

మన దేశంలో 1994 మార్చి తర్వాత తయారైన కార్లకు ముందు సీటు బెల్టులు తప్పనిసరి. ఎలక్ట్రానిక్ అదుపు మొదట తాకింది సొంత కార్లను కాదు, కిరాయికి తిరిగే బళ్లను. 2015లో కేంద్ర మోటారు వాహన నియమాల్లోని 118వ నియమాన్ని సవరించి, రవాణా వాహనాలకు గంటకు 80 కిలోమీటర్ల దగ్గర వేగాన్ని బిగించే స్పీడ్ గవర్నరు ఉండాలన్నారు. వేగం తగ్గాలన్న ఉద్దేశం సరైనదే. కానీ స్టీరింగు పట్టినవాడి ఇబ్బంది కూడా నిజమే. ఎదుటి లారీని దాటుతుండగా సగంలో బండి బిగుసుకుపోతే పక్క పక్కన రెండు లారీలు కిలోమీటరు పొడుగునా పాకుతాయి, వెనక ట్రాఫిక్కంతా హారన్ల మీద చేతులు వేస్తుంది. తీగ పీకేయడం, మీట మార్చేయడం తెలిసిన మెకానిక్కులు ప్రతి హైవే ధాబా పక్కనా పుట్టుకొచ్చారు.

సొంత కార్ల వంతు 2019 జూలై 1న వచ్చింది. ఆ రోజు నుంచి తయారయ్యే కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగు, బెల్టు గుర్తుచేసే గంట, వెనక పార్కింగు సెన్సార్లు, వేగం మించితే హెచ్చరిక తప్పనిసరి అయ్యాయి. వేగ హెచ్చరిక 80 దాటగానే ఆగి ఆగి మోగాలి, 120 దాటితే ఆగకుండా మోగాలి. అంతకు ముందు ఏడాది, 2018 ఏప్రిల్‌లో, ఈ నియమం తెచ్చిన కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖే కార్ల గరిష్ఠ వేగాన్ని ఎక్స్‌ప్రెస్‌వేల మీద 120కి, డివైడరు ఉన్న నాలుగు వరసల రోడ్ల మీద 100కి పెంచింది. అంటే ముంబై హైవే మీద చట్టం అనుమతించిన 95లో పోతున్న మనిషిని అదే చట్టం పెట్టించిన గంట తప్పు చేసినవాడిలా గద్దిస్తుంది. అహ్మదాబాదు దాకా మోగుతూనే ఉంటుంది. ఆ మనిషి మొదటి గంటలో చిరాకు పడతాడు, రెండో గంటలో పట్టించుకోవడం మానేస్తాడు. హెచ్చరికను పట్టించుకోకుండా ఉండడం ఆ కారే అతనికి నేర్పింది. రేపు 80 హద్దు ఉన్న చోట నిజంగా హద్దు దాటినా ఆ చప్పుడు అతని చెవికి చేరదు. నాన్నా పులి కథ మనకందరికీ తెలుసు, ఆ కథలో తండ్రి రాకపోవడానికి తప్పెవరిదో కూడా తెలుసు.

ఇది ఇంజినీర్లకు తెలియని విషయం కాదు. జనం అలారాలను ఎందుకు ఆపేస్తున్నారని ప్రశ్నిస్తూ రాబర్ట్ సార్కిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1988లోనే ఒక వ్యాసం రాశాడు. అంతకు ముందు ఏడాది జనవరిలో మేరీలాండ్ రాష్ట్రంలోని చేస్ దగ్గర ఒక ఘోర రైలు ప్రమాదం జరిగి 16 మంది చనిపోయారు. సిగ్నలు దాటి వచ్చిన ఇంజన్ల క్యాబులో హెచ్చరిక ఈల వినపడకుండా టేపు చుట్టి ఉంది. చెవులు చిల్లులు పడే ఈలకు టేపు చుట్టినవాణ్ని శిక్షించడం న్యాయమే. టేపు చుట్టబుద్ధయ్యేలా ఈలను తయారు చేసినవాణ్ని కూడా అడగాలని సార్కిన్ వాదన సారం. ముప్పై ఏళ్ల తర్వాత మన కార్లకు గంటలు కట్టినవాళ్లు ఆ వ్యాసం చదివి ఉంటే బాగుండేది.

మన టేపు వేరే రూపంలో వచ్చింది. బెల్టు కొక్కెంలో దూర్చే చిన్న లోహపు నాలుక. అది దూర్చితే బెల్టు పెట్టుకున్నట్టు కారు నమ్మి నోరు మూసుకుంటుంది. యాభై, వంద రూపాయలకు ఆన్‌లైనులో దొరికేది. దాని మీద దేశం దృష్టి పడడానికి ఒక పెద్ద మరణం కావలసి వచ్చింది. 2022 సెప్టెంబరు 4న టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ గుజరాత్‌లోని ఉద్వాడా నుంచి ముంబై వెళ్తూ, పాల్ఘర్ జిల్లాలో సూర్య నది వంతెన దగ్గర కారు ఢీకొని మరణించారు. వెనక సీట్లో కూర్చున్న ఆయనా, పక్కనున్న ఆయనా బెల్టు పెట్టుకోలేదు. సూరత్ వాళ్లు ముంబై పోయే హైవే అదే. ఆ నెలలోనే వెనక సీట్లకు కూడా బెల్టు గంట పెట్టాలంటూ ముసాయిదా వెలువడింది. 2023 మేలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, స్నాప్‌డీల్, షాప్‌క్లూస్, మీషో సంస్థలకు ఉత్తర్వులిచ్చింది. 13,118 చోట్ల అమ్మకానికి పెట్టిన ఆ క్లిప్పులను తొలగించారు. 2021 ఒక్క ఏడాదే బెల్టు పెట్టుకోక 16,397 మంది చనిపోయారని, వారిలో 8,438 మంది డ్రైవర్లని ప్రభుత్వ లెక్క.

బెల్టు గంట విషయంలో నేను పూర్తిగా గంట పక్షమే. బెల్టు పెట్టుకుంటే ఆ గంట ఆగిపోతుంది. ఏం చేస్తే ఆగుతుందో తెలుసు, చేయగలిగిన పనీ అది. వేల మందిని బతికించగల పట్టీని ఒక క్లిప్పుతో మోసం చేయడాన్ని ఏ విసుగూ సమర్థించలేదు. కానీ ఉన్ రోడ్డు మీద ఆటో దూరినప్పుడు మోగే మోత అలాంటిది కాదు. దాన్ని ఆపడానికి డ్రైవరు చేయగలిగిందేమీ లేదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి డ్రైవర్లను తిట్టడమే మనం చేస్తున్న పెద్ద పొరపాటు.

రాడారు, కెమెరాల కథ జపాన్‌లో మొదలైంది. 1992లో మిత్సుబిషి డెబొనేర్ కారు ముందు బండి దగ్గరైతే లేజరు కొలతతో హెచ్చరించేది. 1999లో మెర్సిడెస్ రాడారుతో ముందు బండికి దూరం పాటించే క్రూయిజ్ కంట్రోల్ తెచ్చింది. 2003లో హోండా ఇన్స్పైర్ ఢీకొనబోయే ముందు తానే బ్రేకు వేసింది. 2008లో వోల్వో నగర వేగంలో ఆ పని చేసే ఏర్పాటును ఎక్స్‌సీ60లో మామూలు సదుపాయంగా ఇచ్చింది. ఇవన్నీ గీతలు గీసిన రోడ్ల మీద, గీతల మధ్య నడిచే బళ్ల కోసం పుట్టినవి. ఆ దేశాల్లో కూడా జనం వాటిని అంత తేలికగా ఒప్పుకోలేదు. అమెరికాలో బీమా సంస్థల పరిశోధకులు సర్వీసుకు వచ్చిన కార్లను పరిశీలిస్తే, ఢీకొనకుండా ఆపే బ్రేకు దాదాపు అందరి కార్లలోనూ ఆన్‌లో ఉంది. గీత దాటితే మోగే హెచ్చరిక మాత్రం దాదాపు సగం కార్లలో ఆపేసి ఉంది. అరుదుగా కలగజేసుకునేదాన్ని ఉంచుకున్నారు, రోజూ సాధించేదాన్ని వదిలించుకున్నారు.

మన దేశంలోకి ఇవి వచ్చిన వేగం ఆశ్చర్యం కలిగిస్తుంది. 2020 అక్టోబరులో ఎంజీ గ్లోస్టర్, ముప్పై లక్షలు దాటిన పెద్ద కారు. 2021 ఆగస్టులో మహీంద్రా ఎక్స్‌యూవీ700. 2022లో హోండా సిటీ హైబ్రిడ్. 2023లో టాటా హారియర్, సఫారీ, హ్యుందాయ్ వెర్నా, కియా సెల్టోస్. 2024 డిసెంబరుకు హోండా అమేజ్‌తో పది లక్షల లోపు కారులోకి కూడా వచ్చేసింది. ఈ సదుపాయాలన్నిటికీ కలిపి వాడే అడాస్ అనే మాట షోరూముల్లో సన్‌రూఫ్ పక్కన చేరింది. అది ఏం చేస్తుందో, ఎక్కడ చేయలేదో చెప్పేవాళ్లు తక్కువ. ఫలితంగా రెండు రకాల జనం తయారయ్యారు. కారు తానే నడుస్తుందని నమ్మి స్టీరింగు వదిలి రీళ్లు తీసుకునే కుర్రవాళ్లు ఒకవైపు, మొదటి వారంలోనే అన్నీ ఆపేసినవాళ్లు ఇంకోవైపు. యంత్రం పని చేసినంతసేపూ మనిషి ఏమరుపాటులో పడతాడనీ, అది చేతులెత్తేసే కష్టమైన క్షణంలోనే మనిషి చేతికి పగ్గాలు ఇస్తుందనీ లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లోనే హెచ్చరించింది. అప్పుడామె రాసింది కర్మాగారాల గురించి.

ఇక్కడి రోడ్డుకీ ఆ యంత్రానికీ ఎక్కడ చెడుతుందో కాస్త వివరంగా చూడాలి. ముందు బండిని ఢీకొనడానికి ఎన్ని సెకన్లు మిగిలి ఉన్నాయన్నది దాని లెక్క. బస్సులకూ లారీలకూ విడిగా బిగించే మొబైల్‌ఐ పరికరం దాదాపు 2.7 సెకన్ల ముందు నుంచీ హెచ్చరించగలదు. 40 కిలోమీటర్ల వేగంలో పోతూ ఆగి ఉన్న బండి వైపు వెళ్తుంటే అది 30 మీటర్ల దూరం. పాండేసరా దగ్గర 30 మీటర్ల ఖాళీ వదిలి నడిపితే అందులోకి ఒక టెంపో, రెండు ఆటోలు, నాలుగు బైకులు వచ్చి చేరతాయి. వదలకపోతే మోత, వదిలితే కొత్తగా దూరినవాటికి మోత. రాడారుకు ఇంకో చిక్కు ఉంది. ఇనుప కమ్మీలు, ఫ్లైఓవరు దూలాలు, మెట్రో పనుల రేకులు అన్నీ దాని అలలను గట్టిగా తిప్పికొడతాయి. కదలని వాటన్నిటినీ అడ్డంకులుగా లెక్కిస్తే కారు అడుగడుక్కీ ఆగాలి. లెక్క నుంచి తీసేస్తే నిజంగా రోడ్డు మీద ఆగిపోయిన లారీని కూడా తీసేసే ప్రమాదం. గీతల మధ్య ఉంచే స్టీరింగు సాయానికి మన రోడ్డు మీద చెరిగిన పాత గీత, కొత్తగా వేసిన గీత, తారు అతుకు మూడూ గీతలే. గుంత తప్పించబోతే చక్రాన్ని మళ్లీ గుంత వైపు లాగుతుంది. ఆ లాగుడు చేతికి తగిలినప్పుడు కలిగేది విసుగు కాదు, భయం.

ఈ చిక్కును శాస్త్రీయంగా పట్టుకున్నవాళ్లు మన హైదరాబాదు వాళ్లు కావడం నాకు గర్వంగా ఉంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాదు పరిశోధకులు గిరీశ్ వర్మ, అనూప్ నంబూద్రి, సి.వి. జవహర్, వారి సహచరులు కలిసి, ఇంటెల్ తోడ్పాటుతో, ఇండియన్ డ్రైవింగ్ డేటాసెట్ తయారు చేశారు. హైదరాబాదు, బెంగళూరు, వాటి శివార్లలో కారుకు కెమెరా కట్టి 182 ప్రయాణాల్లో తీసిన దృశ్యాల నుంచి దాదాపు పదివేల చిత్రాలు ఎంచి, ఒక్కో చిత్రంలో ఏది రోడ్డు, ఏది మనిషి, ఏది గోడ అని 34 రకాలుగా గుర్తులు పెట్టారు. అప్పటిదాకా ప్రపంచమంతా కంప్యూటర్లకు రోడ్డు నేర్పడానికి వాడుతున్న సిటీస్కేప్స్ చిత్రాలు 50 నగరాలవి, చాలావరకు జర్మనీవి. ఆ జాబితాలో ఆటో రిక్షా లేదు. హైదరాబాదు జాబితాలో ఆటోకు దాని చోటు ఇచ్చారు, పశువులకూ ఇచ్చారు. ఇంకో మంచి పని చేశారు. తారు రోడ్డు అంచు దాటాక ఉండే మట్టి పక్క, రోడ్డు కాదు గానీ అవసరమైతే బండి దిగగలిగే చోటు, దాన్ని వేరే రకంగా గుర్తించారు. మన డ్రైవర్లకు ఆ మట్టి పక్క ప్రాణాధారం. ఎదురుగా బస్సు వస్తే దిగేది అక్కడికే. జర్మనీ చిత్రాలతో నేర్చుకున్న యంత్రానికి అది శూన్యం.

ప్రపంచంలో మేటి అనుకున్న పద్ధతులు ఈ చిత్రాల మీద చాలా తక్కువ మార్కులు తెచ్చుకున్నాయని వాళ్లు తేల్చారు. ఆ ఫలితాన్ని నేను డ్రైవర్ల తరఫున సాక్ష్యంగా చూస్తాను. ఉన్ రోడ్డు మీద కారు అర్థం లేకుండా మోగుతోందని డ్రైవరు అన్న మాట, ప్రయోగశాల అంకెల్లో చెప్పిన మాట ఒకటే. డ్రైవరు చెబితే అది సాకు అయింది, పరిశోధకుడు చెబితే ఫలితం అయింది.

ఆ పని అక్కడితో ఆగలేదు. ఇంటెల్, ట్రిపుల్ ఐటీ వగైరా సంస్థలు కలిసి ఐరాస్తే అనే పథకాన్ని 2021లో నాగపూర్‌లో మొదలుపెట్టి సిటీ బస్సులకు హెచ్చరిక పరికరాలు బిగించాయి. తర్వాత అది తెలంగాణ ఆర్టీసీ బస్సులకూ వచ్చింది. దాని పద్ధతి నాకు నచ్చింది. అది బ్రేకు లాక్కోదు, హెచ్చరిస్తుంది. ఏ మలుపులో, ఏ కూడలిలో హెచ్చరికలు పదే పదే వస్తున్నాయో లెక్క రాస్తుంది. ఒకే చోట పది మంది డ్రైవర్లకు మోగిందంటే తప్పు పది మందిదీ కాకపోవచ్చు, ఆ చోటుదే కావచ్చు. డ్రైవరు మీద నిఘాగా కాకుండా రోడ్డు మీద నిఘాగా వాడితే ఈ మోతకు ఒక అర్థం వస్తుంది. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాదు ఆవరణలో 2022 జూలైలో తిహాన్ పరీక్షా క్షేత్రం కూడా మొదలైంది. డ్రైవరు లేని బళ్లను మన పరిస్థితుల్లో పరీక్షించడానికి కట్టినది అది.

ఈ గోడు మన రోడ్లకే పరిమితం కాదని కూడా చెప్పాలి. 2022 ఫిబ్రవరిలో అమెరికా రహదారి భద్రతా సంస్థ దాదాపు 4,16,000 టెస్లా కార్ల మీద విచారణ తెరిచింది. ఖాళీ రోడ్డు మీద కారణం లేకుండా బ్రేకు పడుతోందని తొమ్మిది నెలల్లో 354 ఫిర్యాదులు వచ్చాయి. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లల్లో టెస్లా నడిపేవాళ్లనడిగితే ఆ అనుభవం ఎలాంటిదో చెబుతారు. ఐరోపాలో 2024 జూలై నుంచి ప్రతి కొత్త కారూ వేగ హద్దును చదివి చెప్పాలి. డ్రైవరు ఆ సదుపాయాన్ని ఆపేసుకోవచ్చు, కానీ ఇంజను మళ్లీ స్టార్టు చేస్తే అది మళ్లీ ఆన్ అవుతుంది. రోజూ ఉదయం తెర మీద మూడు నాలుగు మెనూలు వెతికి ఆపుకోవడం అక్కడి డ్రైవర్ల దినచర్య. యంత్రం సాధారణంగా ఆన్‌లోనే ఉండాలన్న నియమాన్ని నేను తప్పుపట్టను, కానీ ఆ బొమ్మల మెనూలు వెతికేటప్పుడు కళ్లు రోడ్డు మీద ఉండవన్నది ఎవరైనా లెక్కలోకి తీసుకోవాలి.

వీటి మేలును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పండక్కి సూరత్ నుంచి కరీంనగర్ పోయేవాళ్లు బార్డోలీ, వ్యారా, నవాపూర్, ధూళే మీదుగా రాత్రంతా నడుపుతారు. ముందు లారీ దూరాన్ని పాటించే క్రూయిజు ఆ దారిలో కాళ్లకు ఇచ్చే విశ్రాంతి చిన్నది కాదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు రెప్ప వాలినప్పుడు కొట్టే బ్రేకు ఒక కుటుంబాన్ని నిలబెడుతుంది. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. ఇన్ని చావుల మధ్య ఏ సాయాన్నీ వద్దనగలిగే స్థితిలో మనం లేము. అందుకే దాన్ని ఊరికే ఆపేయకూడదనీ, ఆపేయాలనిపించకూడదనీ నా ఆరాటం.

దానికి చేయాల్సిన పనులు కష్టమైనవేమీ కావు. కార్ల భద్రతకు మార్కులిచ్చే భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు నుంచి అమలైంది, దాని తొలి నిబంధనల్లో తనంతట తాను పడే బ్రేకుకు పరీక్ష లేదు. ఐరోపాలో అదే పని చేసే యూరో ఎన్‌క్యాప్ 2014 నుంచే ఆ పరీక్ష పెట్టింది. మనం కూడా పెట్టాలి, కానీ బొమ్మ కారును నిలబెట్టి ఆగిందా లేదా అని చూస్తే చాలదు. పక్క నుంచి ఆటో దూరినప్పుడు, వెనక బైకు అంటుకుని ఉన్నప్పుడు, అనవసరంగా ఆగలేదా అన్నది కూడా మార్కుల్లోకి రావాలి. ఆగవలసిన చోట ఆగినందుకు మార్కు, ఆగకూడని చోట ఆగితే కోత. తప్పుడు బ్రేకుల లెక్కలు కంపెనీలు బయటపెట్టాలి. నగరానికి ఒక అమరిక, హైవేకు ఒక అమరిక పెట్టుకునే వీలుండి, అది స్టీరింగు మీద చేతికందే ఒక్క మీటతో మారాలి.

ఇది త్వరగా తేలాల్సిన విషయం. 2025 మార్చిలో కేంద్రం ఇంకో ముసాయిదా విడుదల చేసింది. బస్సులకూ, లారీలకూ అత్యవసర బ్రేకు, నిద్రమత్తు హెచ్చరిక, గీత దాటే హెచ్చరిక ఉండాలని అందులో ప్రతిపాదన. 2026 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లకు, అదే ఏడాది అక్టోబరు నుంచి మిగిలిన కొత్త బళ్లకు గడువు పెట్టారు. సూరత్ చీరల బేళ్లు హైదరాబాదు, విజయవాడ, మద్రాసు చేర్చేవి ఈ లారీలే. పాతిక టన్నుల బరువుతో పోతున్న లారీకి తప్పుడు బ్రేకు పడితే వెనక ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. గుంతలు తప్పించుకుంటూ స్టీరింగు అటూ ఇటూ తిప్పే తీరు యంత్రానికి నిద్రమత్తులా కనిపించే అవకాశముంది. దాని మాట పట్టుకుని యజమాని డ్రైవరు జీతంలో కోత పెట్టే అవకాశమూ ఉంది. ఆ యంత్రం ఏ చప్పుడుకు ఏ అర్థమో తెలుగులో, హిందీలో, గుజరాతీలో చెప్పే శిక్షణ ఇచ్చే బాధ్యత ఎవరిదో, అది తప్పు చేసినప్పుడు డ్రైవరు చెప్పుకోవడానికి చోటు ఏదో, గడువు రాకముందే ఆ నియమంలో రాసి ఉండాలి.